మా నాన్న బతికుండగా తీసిన మీసం

మా వైపు నడివయసు మగవాడు ఉన్నట్టుండి మీసం తీసేశాడంటే దానికి ఒకటే అర్థం: తండ్రి పోయాడు. పూజారులు, సినిమావాళ్ళు, నిన్నగాక మొన్న మీసం మొలిచిన కుర్రాళ్ళు ఈ లెక్కలోకి రారు. యాభై దాటిన లెక్చరర్లు తప్పకుండా వస్తారు. నేను రెండో కారణం ఒకటి కనిపెట్టాను. దానికి మా కాలేజీలో ‘ఇన్‌క్లూజివ్ టీచింగ్’ అని పేరు పెట్టారు. ఆ మాట ఎక్కడ వినబడినా నేను తల దించుకుని చెప్పుల వంక చూసుకుంటాను.

ముందు ఆ మీసం సంగతి చెప్పాలి. అది పైపెదవి మీద మొదలై, పైపెదవిని పూర్తిగా మింగి, కింది పెదవిలో సగం ఆక్రమించిన మీసం. గాలివాన వస్తే రెండు పిచ్చుకలు అందులో కాపురం పెట్టుకోవచ్చు. మధ్యాహ్నం ఏం కూర తిన్నానో సాయంత్రం చూసి చెప్పొచ్చు. మా కాలేజీ కంకిపాడు దాటాక వరిపొలాల మధ్య ఉంటుంది. పొద్దున్నే గేటులోకి ముందు మీసం, తర్వాత స్కూటరు, ఆ తర్వాత నేను వచ్చేవాళ్ళమని వాచ్‌మన్ అందరితో చెప్పేవాడు. నేను కాదనలేదు. నాకది బాగానే ఉండేది.

నేను ఎకనామిక్స్ చెబుతాను. చెబుతాననడం తక్కువ మాట, ఆడతాను. క్షీణోపాంత ప్రయోజన సూత్రం అనే పేరు వింటేనే పిల్లలకి కళ్ళు మూతలు పడతాయి. అందుకని నేను క్లాసుకి బందరు లడ్డూల డబ్బా పట్టుకెళ్ళి, మంచి ఆకలి మీదున్న కుర్రాణ్ణి లేపి, వరసపెట్టి తినిపించేవాణ్ణి. మొదటి లడ్డూని వాడు దేవుడి ప్రసాదంలా అందుకునేవాడు. చివరి లడ్డూని అప్పులవాణ్ణి చూసినట్టు చూసేవాడు. “అదిరా ప్రయోజనం క్షీణించడమంటే” అనేవాణ్ణి. క్లాసు గొల్లుమనేది.

అంతకంటే పేరు తెచ్చిపెట్టింది నా తిరుగుడు. నేను బోర్డు దగ్గర నిలబడను. వాక్యం బోర్డు దగ్గర మొదలుపెట్టి, మధ్య బెంచీల దగ్గర మలుపు తిప్పి, ఆఖరి బెంచీవాడి వీపు తట్టి ముగిస్తాను. పాఠం పిల్లల మధ్యకి వెళ్ళాలనేది నా సిద్ధాంతం. ‘ఇన్నోవేటివ్’ అని మేనేజ్‌మెంటు వాళ్ళు దీనికి ఒక షీల్డు కూడా ఇచ్చారు. అది మా ఇంట్లో టీవీ కంటే పెద్దది. పక్క సెక్షనుకి ఇదే పాఠం చెప్పే మిత్రుడు మాత్రం గుడి ముందు ధ్వజస్తంభంలా ఒక్కచోట పాతుకుని, ఇటుక మీద ఇటుక పేర్చినట్టు మాట మీద మాట పేర్చేవాడు. ఆయన క్లాసులో ఈగలు కూడా ఆవులిస్తాయని ఊరంతా చాటింది నేనే.

నా క్లాసులో మూడో బెంచీలో ఒక అమ్మాయి కూర్చునేది. కొండపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. నేను జోకు వేస్తే అందరూ నవ్వేశాక, ఒక్క అరక్షణం ఆగి, నిండుగా నవ్వేది. ఆ పిల్ల ఆలోచించి నవ్వుతోందనుకున్నాను. నా హాస్యంలో లోతు తెలిసింది ఈ పిల్లకొక్కదానికేనని ఇంట్లో మా ఆవిడతో కూడా అన్నాను. మా ఆవిడ “అరక్షణమేనా, నాకు పాతికేళ్ళయిందండీ, ఇంకా రాలేదు నవ్వు” అంది.

పరీక్షలు కూడా నేను కొత్త పద్ధతిలో పెట్టేవాణ్ణి. కాగితం మీద ప్రశ్నలుండవు. నేను తిరుగుతూ అడుగుతుంటాను, వాళ్ళు రాస్తుంటారు. ఒకసారి ఆ అమ్మాయి కాగితం దాదాపు ఖాళీగా వచ్చింది. దాని మీద ఎర్ర ఇంకుతో “నవ్వితే చాలదు, వినాలి కూడా” అని రాసి, నా చమత్కారానికి నేనే ముచ్చటపడ్డాను.

మర్నాడు భోజనాల వేళ స్టాఫ్‌రూములో ఎవరూ లేకుండా చూసి ఆ అమ్మాయి వచ్చింది. చేతులు కట్టుకుని నిలబడింది. మార్కులడుగుతుందనుకుని నేను ఒక జోకు సిద్ధం చేసుకున్నాను.

“సార్, మీ మాటలు నాకు కనపడటం లేదండీ” అంది.

“మాటలు కనపడటమేంటమ్మా?”

ఆమె చెవి మీద జుట్టు పక్కకి తీసింది. చెవి వెనక చర్మం రంగులో చిన్న మిషను. రెండో చెవికి అసలేమీ వినపడదని, ఈ చెవిలో మిషను పెట్టినా బస్సులో కూర్చున్నట్టు హోరే తప్ప మాట తెలియదని, ఎదుటివాళ్ళ పెదవులు చూసి అర్థం చేసుకుంటానని, నా మాట మాత్రం ఇంత దగ్గరగా, చిన్నచిన్న ముక్కలైతేనే పోల్చుకోగలనని చెప్పింది. నేను వెనక బెంచీలకి వెళ్ళగానే పాఠం పోతుందట. ముందుకొచ్చినా... అని ఆగింది.

“ముందుకొచ్చినా?”

ఆమె నా ముక్కు కింద ఒక్కసారి చూసి, చూపు దించేసుకుంది. “పైపెదవి కనపడదండీ.”

నేను ఇంకోటి అడిగాను. అడగాల్సింది కాదు. “మరి జోకులకి నవ్వుతావు కదమ్మా?”

“పక్కమ్మాయి నవ్వితే నవ్వుతానండీ.”

పక్క సెక్షను సారు చెప్పేది కారిడార్లో నడుస్తూ కిటికీలోంచి చూసినా తనకి తెలిసిపోతుందని కూడా అంది. నన్ను దెప్పాలని కాదు, ఉన్న మాట చెప్పింది. ఆమె అడిగింది రెండే రెండు. ఒకటి, నేను కాస్త ముందువైపు నిలబడి చెప్పడం. రెండోది చెప్పేటప్పుడు గొంతు చాలా తగ్గింది: “క్లాసులో ఎవరికీ తెలీదండీ. ఇంటర్లో తెలిసిపోయింది. అప్పట్నించీ ఎవరూ నాతో మామూలుగా లేరు. ఇక్కడ చెప్పకండి సార్.”

నేను కదిలిపోయాను. నేను కదిలితే ఊరికే కదలను, రథం కదిలినట్టు కదులుతాను. కుడిచెయ్యి మీసం మీద వేసి, “నా మీసం మీద ఒట్టమ్మా, నా నోటివెంట రాదు” అన్నాను. ఆ ఒట్టు ఎంతకాలం నిలిచిందంటే, అది పెట్టిన చోటు ఉన్నంతకాలం నిలిచింది.

ఒక మనిషి ముందుకొచ్చి నిలబడితే సరిపోయేదానికి, నేను ఆదివారం పొద్దున్నే పటమటలో మా వీధి చివర సెలూనుకి వెళ్ళి మీసం తీసేయమన్నాను. కుర్చీల్లో క్రికెట్ గురించి వాదించుకుంటున్నవాళ్ళు వాదన ఆపేశారు. సెలూను అతను టీవీ గొంతు తగ్గించి, నా భుజాల మీద తెల్లగుడ్డ మెల్లగా కప్పి, “తల కూడానా అండీ?” అన్నాడు. మీసం ఒక్కటే చాలన్నాను. లోకంలో ఆచారాలు ఎంత పాడైపోతున్నాయో అన్నట్టు అద్దంలో నన్ను చూసి తల ఊపి, పని మొదలుపెట్టాడు. రాలిన వెంట్రుకలతో చిన్న దిండు కుట్టించవచ్చు.

ఇంటికొచ్చేసరికి మా నాన్న హాల్లో పేపరు చదువుతున్నాడు. ఆయన మాతోనే ఉంటాడు. ఎనభై దాటినా మెట్లే ఎక్కుతాడు గానీ లిఫ్టు ఎక్కడు. కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు. పేపరు మడిచాడు.

“ఏరా, నన్నెప్పుడు తగలేశావు?”

కాలేజీ పని నాన్నా అన్నాను. కాలేజీ పనికి చాక్‌పీసు అరగాలి గానీ మీసం ఎందుకు అరిగిందని అడిగాడు. నేను ఒట్టు గుర్తుంచుకుని నోరు మూసుకున్నాను. ఆ రోజుకి మాత్రం నేను మంచివాణ్ణే.

గంట తిరగకుండా కింద ఫ్లాటు దంపతులు గంట కొట్టారు. సెలూను నుంచి కబురు మా అపార్ట్‌మెంటుకి నాకంటే ముందే చేరింది. వాళ్ళు తెల్లబట్టలు కట్టుకుని, అరటిపళ్ళ సంచీతో నిలబడ్డారు. తలుపు తీసింది మా నాన్న. ఆయన్ని లిఫ్టులో ఎప్పుడూ చూడలేదు గనక, పరామర్శకి ఊర్నించి వచ్చిన పెద్దమనిషి అనుకుని, కింద ఫ్లాటాయన రెండు చేతులూ జోడించి, “ఎలా జరిగిందండీ?” అని గొంతు బొంగురుగా అడిగాడు.

మా నాన్న కూడా అంతే మర్యాదగా, “ఏముందండీ, పొద్దున్నే సెలూన్లో జరిగింది, పెద్దగా బాధపడలేదు” అని లోపలికి పిలిచి కాఫీ ఇప్పించాడు. వాళ్ళు సగం కాఫీ తాగాక విషయం తెలిసింది. మిగతా సగం వదిలేసి వెళ్ళారు. పళ్ళు మాత్రం మా నాన్న తిరిగి ఇవ్వలేదు, నా పేరున వచ్చినవి నేనే తింటానన్నాడు.

సాయంత్రానికి గన్నవరం చుట్టాలు మా నాన్న ఫోనుకే ఫోన్ చేసి, కార్యక్రమం ఎన్నింటికని మా నాన్ననే అడిగారు. అక్కడితో ఆయన సరదా అయిపోయింది. “రేపు కాలేజీకెళ్ళి, మా నాన్న నిక్షేపంలా ఉన్నాడని అందరికీ చెప్పి రా. లేకపోతే నేనే వస్తా” అన్నాడు.

మర్నాడు నేను క్లాసులో అడుగుపెట్టేసరికి అందరూ నిలబడి తలలు వంచుకుని ఉన్నారు. బోర్డు మీద రంగు సుద్దలతో పూలదండ గీసి, మధ్యలో ‘సంతాపం’ అని రాశారు. పిల్లలు మంచివాళ్ళు. ఆ పూలదండ చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి. మా నాన్న చూస్తే సుద్దముక్క లాక్కునేవాడు.

ఎవరూ పోలేదని, మా నాన్న రాయిలా ఉన్నాడని చెప్పి కూర్చోబెట్టాను. “మరి మీసం ఎందుకు తీశారు సార్?” అని లడ్డూలు తిన్న కుర్రాడు అడిగాడు. ఎండలన్నా సరిపోయేది. దురదన్నా సరిపోయేది. బెజవాడ ఎండకి మనుషులు చర్మమే తీసేసుకోవాలనుకుంటారు, మీసం ఒక లెక్కా? ఆ సంగతి నాకు ఆ క్షణాన తోచకపోలేదు. తోచింది. కానీ దాంతోపాటే ఒక జోకు కూడా తోచింది. నా రోగం తెలిసినవాళ్ళకి తర్వాత ఏమైందో చెప్పనక్కర్లేదు.

“మన మూడో బెంచీ అమ్మాయి కోసం తీశానయ్యా. ఆ పిల్లకి చెవులు వినపడవు. ఆవిడ చెవులు నా మూతి మీదున్నాయి, ఇన్నాళ్ళూ అడవిలో దారి దొరకలేదు” అన్నాను.

అంతా నవ్వారు. తర్వాత చప్పట్లు. చప్పట్లు కొడుతూనే తలలన్నీ మూడో బెంచీ వైపు తిరిగాయి. పక్కనున్న పిల్ల ఆమె జుట్టు కేసి, చెవి కేసి చూస్తోంది. ఆమె నా మొహమే చూస్తోంది. నా నోరు మొదటిసారి ఆమెకి పూర్తిగా కనపడింది ఆ రోజే. నా నోటి నుంచి ఆమె ఒక్క అక్షరం పోకుండా అందుకున్న మొదటి మాట అదే. పక్క పిల్ల వంక చూడాల్సిన అవసరం రాలేదు. నవ్వలేదు కూడా.

ఇంకో సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాస్తున్నాను. ఆ చప్పట్లు అందుకోవడానికి నేను నడుచుకుంటూ ఆఖరి బెంచీ దాకా వెళ్ళాను. మీసం తీసినవాణ్ణి ముందువైపు నిలబడ్డానా అంటే, నిలబడలేదు.

ఆ వార్త మధ్యాహ్నానికల్లా ప్రిన్సిపాల్ మేడం గదికి చేరింది. ఆవిడ మంచి మనిషి. కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి తనిఖీ కమిటీ రాబోతోందన్న దిగులుతో ఆవిడకి అన్నం సయించడం లేదు. ‘సమ్మిళిత, వినూత్న బోధన’ అనే శీర్షిక కింద ఫైల్లో పెట్టడానికి మా దగ్గర రెండు స్మార్ట్‌బోర్డులు తప్ప ఏమీ లేవు. అందులో ఒకటి వెలగదు. అలాంటప్పుడు నా బోడిమూతి ఆవిడకి ఆకాశం నుంచి ఊడిపడ్డట్టయింది. మీసంతో ఒక ఫొటో, మీసం లేకుండా ఒక ఫొటో పక్కపక్కన పెట్టించింది. ఆ అమ్మాయి చేత కమిటీ ముందు నాలుగు మాటలు చెప్పిస్తానంది. ఆ అమ్మాయికి ఇష్టం ఉండదేమో మేడం అన్నాను. “సిగ్గుపడుతుంది సార్, మనమే ప్రోత్సహించాలి” అంది. నేను గట్టిగా మాట్లాడలేకపోయాను. గట్టిగా మాట్లాడే హక్కు సోమవారం పొద్దున్నే పోగొట్టుకున్నాను.

రెండ్రోజులు ఆ అమ్మాయి రాలేదు. మూడోరోజు వచ్చింది, నా క్లాసు వరకు ఎగ్గొట్టింది. సాయంత్రం గేటు బయట బస్సు కోసం నిలబడి ఉంటే నేను స్కూటరు ఆపి వెళ్ళాను. ఎదురుగా నిలబడి, తప్పైపోయిందమ్మా అని మొదలుపెట్టి, ఆమెకి బాగా అర్థం కావాలని ఒక్కో అక్షరం నోరు బాగా తెరిచి, పళ్ళ డాక్టరుకి చూపించినట్టు చూపిస్తూ, చాలా సేపు చెప్పాను.

“సార్, మామూలుగా చెప్పండి” అంది.

“మామూలుగానే చెబుతున్నానమ్మా.”

“లేదండీ. అందరూ ఇట్టాగే నోళ్ళు తెరుస్తున్నారు నాతో. క్యాంటీన్లో టీ కావాలా అనడానికి కూడా దవడ ఊడిపోయేట్టు తెరుస్తున్నారు. అట్టా తెరిస్తే అసలు తెలీదండీ ఏమంటున్నారో.”

నేను నోరు మూసుకున్నాను. ఆమె రోడ్డు వైపు చూసి, మళ్ళీ నా వైపు తిరిగింది. తిరగకపోతే నా జవాబు ఆమెకి తెలియదు కదా. కోపంగా మొహం తిప్పుకునే వీలు కూడా ఆ పిల్లకి లేదని నాకప్పుడు తట్టింది.

“మీసం తియ్యమని నేనడగలేదండీ. ముందు నిలబడమన్నాను” అంది. తర్వాత, “స్టేజి ఎక్కమంటున్నారు మేడం. నేను ఎక్కనండీ. ఎక్కమంటే కాలేజీ మానేస్తాను. మా నాన్నకి కూడా చెప్పేశాను.”

“ఎక్కనివ్వనమ్మా. నేను మాటిస్తున్నాను.”

“పోయినసారీ ఇచ్చారండీ.”

బస్సు వచ్చింది. ఎక్కి వెళ్ళిపోయింది.

కమిటీ వచ్చిన రోజు సెమినార్ హాలు కల్యాణమండపంలా ఉంది. వేదిక మీద ముగ్గురు పెద్దలు, వాళ్ళ మెడల్లో వాళ్ళని మించిన దండలు. నా క్లాసు పిల్లలందర్నీ వరసగా కూర్చోబెట్టారు. ఆ అమ్మాయిని మాత్రం, ఎక్కనన్నా వినకుండా, పేరు పిలవగానే లేచి రావడానికి అనువుగా ముందువరస చివర కూర్చోబెట్టారు. తెర మీద నా రెండు ఫొటోలు వేశారు. మీసం ఉన్నవాడు పోలీసులు వెతుకుతున్నవాడిలా, లేనివాడు పోలీసులకి దొరికిపోయినవాడిలా ఉన్నాడు.

మేడం మైకులో, ఒక విద్యార్థిని కోసం మా అధ్యాపకుడు చేసిన త్యాగం ఇప్పుడు వింటారని చెప్పి నన్ను పిలిచింది. కమిటీ పెద్దాయన తెలుగువాడే. ముందుకి వంగి, “ఎవరండీ ఆ విద్యార్థిని? ఏమిటా కథ?” అని ఆసక్తిగా అడిగాడు.

నేను మైకు ముందు నిలబడ్డాను. ఎటూ తిరగలేదు. ఆ ముందువరస చివరికి నా నోరు కనపడేలా నిలబడి, మామూలుగా అన్నాను: “అలాంటి విద్యార్థిని ఎవరూ లేరండీ. మేడం గారు పొరబడ్డారు. మా నాన్నగారు కాలం చేశారు.”

పెద్దాయన మొహం వాడిపోయింది. ముగ్గురూ లేచి నిలబడ్డారు. వాళ్ళు లేచారు గనక హాలంతా లేచింది. మా నాన్న నిక్షేపంలా ఉన్నాడని నా నోటితోనే విన్న నా క్లాసు మొత్తం కూడా లేచి, తలలు వంచుకుని నిలబడింది. లడ్డూల కుర్రాడికి భుజాలు అదురుతున్నాయి గానీ కిక్కురుమనలేదు. ఒక్కరూ ముందువరస చివరికి చూడలేదు. ఆ పిల్లల్ని చూస్తుంటే, ఇంత చిన్న పని నాకెందుకు చేతకాలేదా అనిపించింది.

మేడం తర్వాత ఒక్క మాటే అంది: “ఫైలు మొత్తం పాడు చేశారు సార్.” నిజమే. ఆవిడ కష్టానికి నేను చేసిన అన్యాయం అది. దానికి ఇంతవరకు సరైన క్షమాపణ కూడా చెప్పుకోలేకపోయాను.

ఇంటికెళ్ళి మా నాన్న పక్కన కూర్చుని, జరిగిందంతా మొదట్నించీ చెప్పి, ఈసారి నిన్ను నేనే చంపాను నాన్నా అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి పేపరు మీద పెట్టాడు. “పోనీ, ఈసారన్నా ఆ పిల్లకి పనికొచ్చానా?” అన్నాడు. స్టేజి ఎక్కకుండా తప్పింది నాన్నా అన్నాను. 

ఆ అమ్మాయి కాలేజీ మానలేదు. వారం తర్వాత స్టాఫ్‌రూముకి వచ్చింది, ఈసారి అందరూ ఉండగానే. పక్క సెక్షనుకి మారుతున్నానంది. నేను ఎందుకని అడగలేదు. కానీ చుట్టూ ఉన్నవాళ్ళు చెవులు రిక్కించారు, ఆ సెక్షను చెప్పే మా మిత్రుడు కూడా పెన్ను ఆపి చూశాడు. ఆమె అది గమనించింది. నా మొహంలోకి చూసింది.

“కొండపల్లి బస్సుకి టైము కుదరటం లేదండీ” అంది.

రెండు సెక్షన్లకీ ఒకటే గంట. మొదలయ్యేదీ ఒకటే, వదిలేదీ ఒకటే. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు.

“అవునమ్మా, కుదరదు” అన్నాను.